ఒకే హైస్కూలు, రెండు ఖాతాలు: అమెరికా బడిలో చదువూ పనీ వేరుపడిన తీరు

1950ల నాటి అమెరికా పట్టణాల్లో ఓ మోస్తరు పెద్ద ప్రభుత్వ హైస్కూలు భవనం చాలాచోట్ల ఒకే పద్ధతిలో ఉండేది. ముందువైపు, పై అంతస్తుల్లో ఇంగ్లీషు, లాటిన్, బీజగణితం, రసాయనశాస్త్రం, చరిత్ర చెప్పే గదులు. వెనకవైపు, నేల అంతస్తులో, చప్పుడు పైకి వినిపించకుండా, కలపా ఇనుమూ దించడానికి లారీ వచ్చి ఆగే వీలున్నచోట, వడ్రంగం, లోహపు పని, మోటారు మరమ్మతు, అచ్చుపని నేర్పే గదులు. వీటిని అక్కడ ‘షాప్’ అనేవారు. సరుకులమ్మే దుకాణం కాదు, వర్క్‌షాపుకు పొట్టిపేరు. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో టైపు మిషన్లు వరుసగా పెట్టిన వాణిజ్య విభాగం, పొయ్యిలూ కుట్టుమిషన్లూ ఉన్న గృహవిజ్ఞాన విభాగం ఉండేవి. ఫుట్‌బాల్ జట్టు ఒకటే, భోజనశాల ఒకటే, చివర చేతికొచ్చే పట్టా కూడా సాధారణంగా ఒకటే. అయినా పద్నాలుగేళ్ల వయసులో, ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో పూర్తవుతుండగా నింపిన ఒక కాగితంతో, పిల్లవాడు రాబోయే మూడు నాలుగేళ్లు రోజులో ఎక్కువ భాగం ఏ అంతస్తులో గడుపుతాడన్నది చాలావరకు తేలిపోయేది.

ఈ విభజనను పిల్లల తెలివితేటల్లో ఉన్న తేడాకు సహజమైన రూపంగా చూపడం ఆ కాలంలో పరిపాటి. కొందరిది బుర్రతో చేసే పని, కొందరిది చేతులతో చేసే పని, బడి చేసిందల్లా ఎవరికి తగినది వారికి ఇవ్వడమేనని వాదన. చరిత్ర చూస్తే ఇది సగం మాటే. అకడమిక్ విభాగాలు ఒక లెక్క ప్రకారం, వృత్తివిద్యా విభాగాలు మరొక లెక్క ప్రకారం పెరిగాయి. ఆ రెండు లెక్కలనూ రాసినవారు వేరు, డబ్బు వచ్చిన దారి వేరు, తనిఖీ చేసే అధికారి వేరు. పిల్లల మధ్య గోడ లేవకముందే ఖాతా పుస్తకాల మధ్య గోడ లేచింది. పిల్లలకు హానర్స్ క్లాసులో, కాలేజీ స్థాయి పాఠం చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులో సీటు కోసం స్కూలు కౌన్సెలర్ చుట్టూ తిరిగే అమెరికా తెలుగు తల్లిదండ్రులకు ఈ పాత సంగతి తెలియకపోవచ్చు గాని, వారు కూర్చునే ఆ కౌన్సెలర్ గది కూడా ఇందులోంచే పుట్టింది.

మొదట్లో హైస్కూలు అందరిదీ కాదు. 1821లో బోస్టన్‌లో తొలి ప్రభుత్వ హైస్కూలు మొదలైనా, ప్రాథమిక విద్యకు మించిన చదువుకు ప్రజల పన్ను సొమ్ము ఖర్చు చేయవచ్చా అన్న ప్రశ్న అర్ధశతాబ్ది తర్వాత కూడా కోర్టుల్లో నలిగింది. 1874లో కలమజూ కేసులో మిషిగన్ సుప్రీంకోర్టు, న్యాయమూర్తి థామస్ కూలీ రాసిన తీర్పులో, చేయవచ్చని చెప్పింది. అప్పటికీ చేరేవారు కొద్దిమందే. 1890లో దేశం మొత్తం మీద ప్రభుత్వ హైస్కూళ్లలో ఉన్నది సుమారు రెండు లక్షల మంది. 1892లో జాతీయ విద్యా సంఘం నియమించిన ‘పదిమంది కమిటీ’, హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ అధ్యక్షతన, ఈ కొద్దిమందిని దృష్టిలో పెట్టుకునే మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. నాలుగు పాఠ్యక్రమాలు సూచించింది గాని, వాటి మధ్య తేడా ప్రధానంగా భాషలదే. ఏ విషయమైనా సరే, అది చదివే పిల్లవాడు తర్వాత కాలేజీకి వెళ్లినా వెళ్లకపోయినా, అందరికీ ఒకే తీరుగా చెప్పాలన్నది ఆ కమిటీ గట్టిగా పట్టుబట్టిన మాట. తర్వాతి తరం సంస్కర్తలు ఎలియట్‌ను కాలేజీల పక్షపాతి అని ఎగతాళి చేశారు. కానీ పిల్లల భవిష్యత్తును ముందే ఊహించి పాఠాన్ని పలచన చేయవద్దన్న ఆ నియమం, వారి సంస్కరణల కంటే సమానత్వానికి దగ్గరగా ఉందని ఇప్పుడు చదివితే అనిపిస్తుంది.

చేతిపని బడిలోకి వచ్చిన దారి వేరు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన స్వాతంత్ర్య శతాబ్ది ప్రదర్శనలో మాస్కో సాంకేతిక విద్యాలయం వారు తమ బోధన పద్ధతిని ప్రదర్శనకు పెట్టారు: విక్టర్ డెల్లా వోస్ రూపొందించిన ఈ పద్ధతిలో వడ్రంగాన్ని, కమ్మరాన్ని గురువు పక్కన ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకోనవసరం లేకుండా, పనిని చిన్న చిన్న అభ్యాసాలుగా విడగొట్టి, సులువైన దాని నుంచి కష్టమైన దానికి వరుసగా, తరగతి మొత్తానికి ఒకేసారి నేర్పవచ్చు. దాన్ని చూసి ముగ్ధులైన వారిలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ అధ్యక్షుడు జాన్ రంకిల్ ఒకరు. సెయింట్ లూయీలో 1879లో మాన్యువల్ ట్రెయినింగ్ స్కూలు స్థాపించిన కాల్విన్ వుడ్‌వర్డ్‌ది కూడా ఇదే బాట. వుడ్‌వర్డ్ నేర్పదలచింది కూలీకి పనికొచ్చే వృత్తి కాదు. గణితం, గీత (డ్రాయింగు), సుత్తి కలిస్తే మనిషి బుద్ధి వికసిస్తుందని ఆయన నమ్మకం. అమ్ముకునే వస్తువు తయారు చేయించడం ఆయనకు ఇష్టం లేదు. అంటే షాప్ తొలి రూపంలో అకడమిక్ చదువుకు ఎదురుపక్షం కాదు, అందులో భాగం.

దాన్ని వేరు చేసినది ఇరవయ్యో శతాబ్దం తొలి పదేళ్లలో వచ్చిన ఒత్తిడి. 1905లో మసాచుసెట్స్ గవర్నర్ విలియం డగ్లస్ (ఆయన స్వయంగా చెప్పుల ఫ్యాక్టరీ యజమాని) నియమించిన కమిషన్, 14 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న 25 వేల మంది పిల్లలు బడి మానేసి ముందుదారి లేని చిల్లర పనుల్లో ఉన్నారని చెప్పి, పరిశ్రమలకు అవసరమైన చదువు వేరుగా పెట్టాలని సిఫారసు చేసింది. 1906లో పారిశ్రామిక విద్యాప్రోత్సాహానికి ఒక జాతీయ సంఘం ఏర్పడింది. కార్మిక సంఘాల అదుపులో ఉన్న అప్రెంటిస్ పద్ధతిని తప్పించుకోవాలని కర్మాగారాల యజమానుల సంఘం ఆశించింది. సమ్మెలను విరగ్గొట్టే కూలీలను తయారు చేసే బళ్లు వస్తాయేమోనని కార్మిక సమాఖ్య మొదట అనుమానించి, అవి ప్రజల ఆధీనంలోనే ఉండాలన్న షరతుతో తర్వాత ఒప్పుకుంది.

అదే 1906లో మరో మూల మరో లెక్క తయారైంది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ అంతకుముందు ఏడాది కాలేజీ ఆచార్యుల పింఛన్ల కోసం ఒక కోటి డాలర్లు ఇచ్చారు. ఆ సొమ్ము పంచే ఫౌండేషన్, పింఛను అర్హత పొందాలంటే కాలేజీ అని చెప్పుకునే సంస్థ నిజంగా కాలేజీయే అయివుండాలని, అంటే తాను చేర్చుకునే విద్యార్థి హైస్కూల్లో కనీసం 14 ‘యూనిట్లు’ పూర్తి చేసి ఉండాలని నియమం పెట్టింది. ఒక విషయాన్ని ఏడాది పొడవునా సుమారు 120 గంటలు చదివితే ఒక యూనిట్. ముసలి ఆచార్యుల పింఛనుకూ ఎక్కడో అయోవా రాష్ట్రంలోని తొమ్మిదో తరగతి గంటకూ ఏం సంబంధమని అడగవచ్చు, సంబంధం అదే. కొద్ది ఏళ్లలోనే దేశంలోని హైస్కూళ్లు దాదాపు అన్నీ తమ చదువును ఈ యూనిట్లలోనే కొలవడం మొదలుపెట్టాయి. లాటిన్, బీజగణితం, భౌతికశాస్త్రం కాలేజీ లెక్కలోకి వచ్చే యూనిట్లు. షాపులో, లోహాన్ని చెక్కే లేతు మిషను ముందు గడిపిన గంటలు బడి పట్టాకు పనికొచ్చినా, కాలేజీలు వాటిని సాధారణంగా లెక్కపెట్టేవి కావు. విచిత్రమేమంటే ఈ ఫౌండేషన్‌ను నడిపిన హెన్రీ ప్రిట్చెట్, పైన చెప్పిన పారిశ్రామిక విద్యా సంఘానికి కూడా తొలినాళ్లలో అధ్యక్షుడిగా పనిచేశారు.

రెండో ఖాతా ఫెడరల్ ప్రభుత్వం తెరిచింది. జార్జియాకు చెందిన సెనెటర్ హోక్ స్మిత్, ప్రతినిధి డడ్లీ హ్యూజ్ పేర్ల మీద వచ్చిన స్మిత్-హ్యూజ్ చట్టంపై అధ్యక్షుడు వుడ్రో విల్సన్ 1917 ఫిబ్రవరి 23న సంతకం చేశారు. దాని వెనక పనిచేసిన బుర్ర, పైన చెప్పిన పారిశ్రామిక విద్యా సంఘం కార్యదర్శి చార్లెస్ ప్రాసర్‌ది. వ్యవసాయం, గృహవిజ్ఞానం, పారిశ్రామిక వృత్తులు: ఈ మూడు రంగాల్లో బోధించే వారి జీతాలకు ఫెడరల్ సొమ్ము వస్తుంది, రాష్ట్రమో స్థానిక బోర్డో దానికి సమానంగా వేయాలి. కాలేజీ స్థాయికి దిగువన ఉన్న, 14 ఏళ్లు దాటిన వారికే ఈ శిక్షణ. అయితే సొమ్ము వెంట షరతులూ వచ్చాయి. వృత్తివిద్యకు రాష్ట్రంలో ప్రత్యేక బాధ్యత గల బోర్డు ఉండాలి; దాని పైన వాషింగ్టన్‌లో ఫెడరల్ బోర్డు. వ్యవసాయ విద్యార్థి ఏటా కనీసం ఆరు నెలలు పొలం మీద పర్యవేక్షణలో పని చేయాలి. పారిశ్రామిక శాఖలో చదివే కుర్రవాడి బడి వేళలో సగం షాపులోనే గడవాలి. మిగతా సగంలో కూడా సగం ఆ వృత్తికి సంబంధించిన గణితం, గీతల వంటి వాటికి పోగా, సాధారణ చదువుకు మిగిలేది పావు వంతే అన్న పద్ధతి స్థిరపడింది. ఉపాధ్యాయుడి అర్హత కూడా మారింది: అకడమిక్ విభాగంలో డిగ్రీ అడిగితే, షాపులో ఆ వృత్తిలో ఏళ్ల తరబడి పని చేసిన అనుభవం అడిగారు. వ్యవసాయం మాస్టారుకు వేసవి సెలవుల్లో కూడా పని ఉండేది, పిల్లల పొలాలు చూడాలి గనక, జీతం పన్నెండు నెలలకూ వచ్చేది. ఒకే స్టాఫ్ రూములో కూర్చునే ఇద్దరు మాస్టార్లలో ఒకరి జీతం ఒక దారిన, మరొకరి జీతం మరో దారిన వస్తే, ఒకరి తనిఖీ అధికారి రెండోవారిని పలకరించకపోతే, ఆ రెండు విభాగాలు ఇరుగుపొరుగుగా ఉంటాయే తప్ప ఒక ఇంటివిగా ఉండవు.

ఈ ప్రమాదాన్ని అప్పుడే చూసినవారున్నారు. 1915లో తత్వవేత్త జాన్ డ్యూయీకి, మసాచుసెట్స్ విద్యాశాఖాధికారి డేవిడ్ స్నెడన్‌కు ఒక పత్రికలో వాదం నడిచింది. ఉన్న పరిశ్రమలకు తగినట్టు పనివారిని మలచడమే వృత్తివిద్య అయితే తనకు దానితో పేచీ అని, పనిచేసేవాడికి ఆ పనిని అర్థం చేసుకుని మార్చగల శక్తినిచ్చేదైతే తానూ దాని పక్షమేనని డ్యూయీ వాదనకు సారాంశం. చికాగోలో ఆయనా, స్థానిక కార్మిక సమాఖ్యా కలిసి వృత్తివిద్యకు పూర్తిగా వేరే బోర్డు పెట్టే బిల్లును అడ్డుకుని గెలిచారు. విస్కాన్సిన్ మాత్రం 1911లోనే వేరు బళ్ల దారి పట్టింది. న్యూయార్క్‌లో పేచీ వీధికెక్కింది: ఇండియానాలోని గేరీ పట్టణంలో విలియం వర్ట్ మొదలుపెట్టిన పద్ధతిని, అంటే పిల్లలు తరగతి గదులకూ షాపులకూ ఆటస్థలాలకూ వంతులవారీగా తిరిగే ఏర్పాటును, మేయర్ జాన్ మిచెల్ నగరంలో ప్రవేశపెట్టబోతే, తమ పిల్లలను చదువు నుంచి తప్పించి కూలీలను చేస్తున్నారని వలస వచ్చిన యూదు కుటుంబాలు తిరగబడ్డాయి. 1917 అక్టోబరులో బళ్ల ముందు అల్లర్లయ్యాయి; నవంబరు ఎన్నికల్లో మేయర్ ఓడిపోయారు. తోడుకోడానికి నీళ్లు లేని ఊరివారికి నుయ్యి విలువ తెలిసినట్టు, పుట్టిన దేశంలో చదువుకు నోచుకోని వారికి లాటిన్ గంట పోతే ఏం పోతుందో తెలుసు.

1918లో జాతీయ విద్యా సంఘం వారి మరో కమిషన్, క్లారెన్స్ కింగ్స్లీ నాయకత్వంలో, రాజీమార్గం చూపింది. ఆరోగ్యం, వృత్తి, పౌరసత్వం వంటి ఏడు లక్ష్యాలు చెప్పి, అన్ని రకాల పాఠ్యక్రమాలూ ఒకే కప్పు కింద ఉండే ‘కాంప్రహెన్సివ్’ హైస్కూలే అమెరికాకు తగినదని తీర్మానించింది. యూరప్ పద్ధతిలో దొరబిడ్డలకు ఒక బడి, పనివారి బిడ్డలకు ఒక బడి వద్దు. అందరూ ఒకేచోట కలిసి తిరగాలి, చదువు మాత్రం ఎవరిది వారిది. దీన్ని ప్రజాస్వామ్యమని మనస్ఫూర్తిగా నమ్మారు. ఎవరికి ఏ చదువో తేల్చే పనికి అప్పుడే కొత్త సాధనం దొరికింది: మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద ప్రయోగించిన సామూహిక బుద్ధి పరీక్ష. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు లూయిస్ టెర్మన్, ఆయన అనుచరులు 1920లలో దాన్ని బళ్లలోకి తెచ్చారు. పరీక్షలో వచ్చిన అంకె, ఎనిమిదో తరగతి మార్కులు, కౌన్సెలర్ అంచనా కలిసి, కాలేజీ బాట, వాణిజ్యం, వృత్తి, ‘జనరల్’ అనే నాలుగు దారుల్లో ఒకదానిలోకి పిల్లవాణ్ణి పంపేవి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, తండ్రి ఏం చేస్తాడో ఆ అంచనాలోకి చెప్పకుండానే చొరబడేవి.

ఆర్థిక మాంద్యం హైస్కూలును నింపింది. పనులు లేక పిల్లలు బడిలోనే ఉండిపోయారు. 1938 కార్మిక ప్రమాణాల చట్టం బాల కార్మికతకు కళ్లెం వేసింది. 1890లో రెండు లక్షలున్న సంఖ్య 1940 నాటికి 66 లక్షలయింది. 1900లో ఆ వయసు పిల్లల్లో నూటికి ఆరుగురు హైస్కూలు పూర్తి చేస్తే, 1940లో నూటికి యాభై మంది పూర్తి చేశారు. ఇంతమందితో ఏం చేయాలన్న ప్రశ్నకు బడి ఇచ్చిన జవాబే మనం మొదట చూసిన ఆ భవనం.

అందులో వాణిజ్య విభాగం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వృత్తివిద్య చరిత్రలన్నీ కమ్మరి కొలిమి చుట్టూ తిరిగి దీన్ని దాటిపోతాయి. స్మిత్-హ్యూజ్ చట్టం టైపు, షార్ట్‌హ్యాండ్, జమాఖర్చుల పద్దుకు పైసా ఇవ్వలేదు. 1936లో వచ్చిన జార్జ్-డీన్ చట్టం సరుకుల అమ్మకం, పంపిణీ నేర్పే కోర్సులకు సొమ్ము ఇచ్చింది గాని, ఆఫీసు పనికి ఇవ్వలేదు. అయినా పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఎవరూ తరమకుండానే ఆ గదుల్లోకి వచ్చారు. కారణం సులభం: పద్దెనిమిదేళ్లకు పట్టా చేత పట్టుకుని బయటికి వస్తే బ్యాంకులో, బీమా కంపెనీలో, టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం దొరికేది, తెల్ల చొక్కా పని, మసి లేని పని. అక్షరాలు కనిపించకుండా మీటలు కప్పేసిన అండర్‌వుడ్, రాయల్ మిషన్ల మీద నిమిషానికి ఇన్ని మాటలని గడియారం పెట్టి కొట్టించేవారు. మన టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చున్న తరానికి ఆ గది వాసన, ఆ టకటకలు వేరే చెప్పనక్కరలేదు; మన దగ్గర పిట్‌మన్ గీతలు రాజ్యమేలితే అక్కడ గ్రెగ్ గీతలు, అంతే తేడా. ఫెడరల్ బోర్డు నియమాలు వర్తించని కారణంగా ఈ విభాగం మిగతా బడితో తేలిగ్గా కలిసింది: కాలేజీకి వెళ్లే అమ్మాయి కూడా ఒక ఏడాది టైపు నేర్చుకునేది, టైపు నేర్చుకునే అమ్మాయి ఇంగ్లీషు నాలుగేళ్లూ చదివేది. సొమ్ము రాని విభాగమే బజారుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండటం, చట్టం రాసినవారు ఆలోచించవలసిన విషయం. ఆ అమ్మాయి మేనేజరు కుర్చీ దాకా ఎందుకు పోలేకపోయిందన్నది వేరే ప్రశ్న. దానికి టైపు మాస్టారు బాధ్యుడు కాడు.

వ్యవసాయ విభాగం పల్లె బళ్ల గర్వం. 1928లో కాన్సస్ సిటీలో ఏర్పడిన భావి రైతుల సంఘం, 1933 నుంచి దానికి గుర్తుగా నిలిచిన నీలం కార్డురాయ్ కోటు, బడి ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోటుకు దీటైన హోదా ఇచ్చాయి. అందులో ఆడపిల్లలకు 1969 దాకా చోటు లేదు. దక్షిణాదిన నల్లజాతి కుర్రవాళ్లకు 1935 నుంచి వేరే సంఘం ఉండేది. 1965లో దాన్ని ఇందులో కలిపారు. గృహవిజ్ఞానం ఆడపిల్లలకు, షాప్ మగపిల్లలకు అన్న విభజన 1972లో చదువులో ఆడ మగ వివక్షను నిషేధించిన ‘టైటిల్ నైన్’ చట్టం వచ్చేదాకా చాలా బళ్లలో ప్రశ్నకే రాలేదు.

రంగు సంగతి దీనికంటే లోతైనది. విముక్తి పొందిన నల్లజాతి వారికి పారిశ్రామిక విద్యే తగినదన్న మాట హైస్కూళ్ల కంటే ముందే, 1868లో హాంప్టన్ విద్యాలయంలో, 1881లో నల్లజాతి నాయకుడు బుకర్ టీ. వాషింగ్టన్ చేతుల మీదుగా టస్కెగీ విద్యాలయంలో రూపు కట్టింది. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయ్ దాన్ని ఎదిరించారు. ఈ తగువు రాజధాని వాషింగ్టన్ నగరంలో రెండు నల్లజాతి బడి భవనాలుగా నిలిచింది: తర్వాత డన్‌బార్ హైస్కూలుగా పేరు మార్చుకున్న ఎం స్ట్రీట్ స్కూలు అకడమిక్ చదువుకు, 1902లో తెరిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ స్కూలు చేతిపనికి. ఎం స్ట్రీట్ ప్రిన్సిపాల్‌గా అన్నా జూలియా కూపర్, బానిసత్వంలో పుట్టిన మనిషి, తన విద్యార్థులను హార్వర్డ్‌కు పంపగల పాఠ్యక్రమాన్ని పట్టుబట్టి నిలబెట్టారు; 1906లో ఆమె పదవి పోయింది, నాలుగేళ్లకు అదే బడికి లాటిన్ టీచరుగా తిరిగివచ్చారు. పైగా దక్షిణాదిన నల్లజాతి బళ్లకు వృత్తివిద్య పేరుతో దక్కినది కూడా తరచు మంచి యంత్రాలున్న షాప్ కాదు. తెల్లవారు వదిలేసిన పనులకు శిక్షణ.

రెండో ప్రపంచయుద్ధంలో బడి షాపులు రాత్రింబవళ్లు పనిచేశాయి, వెల్డింగ్, లోహపు పని నేర్పి లక్షల మందిని ఆయుధ కర్మాగారాలకు పంపాయి. యుద్ధం ముగుస్తుండగా, 1945 జూన్‌లో, ఒక సమావేశంలో ప్రాసర్ లేచి ఒక తీర్మానం పెట్టారు. హైస్కూలు పిల్లల్లో నూటికి 20 మందికి కాలేజీ చదువు సరిపోతుంది, మరో 20 మందికి నైపుణ్య వృత్తుల శిక్షణ సరిపోతుంది, మిగిలిన 60 మందికి ఈ రెండూ సరిపోవు కాబట్టి వారికి ‘జీవిత సర్దుబాటు’ నేర్పాలని దాని అర్థం. ముప్పై ఏళ్లు తాను కట్టిన వ్యవస్థ పిల్లల్లో అయిదో వంతుకే పనికొస్తుందని కట్టినవాడే ఒప్పుకున్నాడన్నమాట. ఆ మాటలోని నిజాయితీని ఎవరూ పట్టించుకోలేదు. అంకెలను మాత్రం పట్టుకుని, 1947 నుంచి ఫెడరల్ విద్యాశాఖ అండతో, ఇంటి బడ్జెట్ వేయడం, ఉద్యోగానికి దరఖాస్తు రాయడం, నలుగురితో మెలగడం వంటివి పాఠాలయ్యాయి. ‘జనరల్’ దారిలో ఉన్న పిల్లవాడికి కాలేజీకి సరిపడే గణితమూ రాలేదు, చేతికి వృత్తీ రాలేదు. అకడమిక్, వృత్తి విభాగాల పోరు గురించి ఎంతైనా రాస్తారు గాని, ఆ శతాబ్ది మధ్యలో నిజంగా మోసపోయినవాడు ఈ రెండిటి మధ్యా జారిపడ్డ ఈ మూడోవాడు.

చరిత్రకారుడు ఆర్థర్ బెస్టర్, నౌకాదళాధికారి హైమన్ రికోవర్ వంటివారు 1950లలో దీనిమీద నిప్పులు చెరిగారు. 1957 అక్టోబరు 4న సోవియట్లు స్పుట్నిక్ ఉపగ్రహాన్ని పంపడంతో వారి మాటకు వినేవారు దొరికారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం, గణితం, విజ్ఞానశాస్త్రం, విదేశీ భాషల విభాగాలకు ప్రయోగశాలలకూ పరికరాలకూ సొమ్ము ఇచ్చింది; పరీక్షలకూ కౌన్సెలర్లకూ ఇచ్చింది; సాంకేతిక నిపుణుల శిక్షణకు కూడా కొంత ఇచ్చింది. నలభై ఏళ్ల తర్వాత ఫెడరల్ సొమ్ము భవనం వెనకవైపు నుంచి ముందువైపుకు తిరిగింది.

1959లో జేమ్స్ కొనాంట్ నివేదిక వెలువడింది. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు, రసాయన శాస్త్రవేత్త అయిన ఆయన కాంప్రహెన్సివ్ హైస్కూలునే సమర్థించారు, అయితే అది బతకాలంటే పట్టా పుచ్చుకునే తరగతిలో కనీసం వందమంది ఉండేంత పెద్దది కావాలన్నారు. పిల్లలకు ‘కాలేజీ’, ‘వృత్తి’, ‘వాణిజ్య’ అని ముద్రలు వేయవద్దని, ఒక్కొక్క విషయంలో సామర్థ్యాన్ని బట్టి తరగతులు విడదీసినా ఫరవాలేదని, 250 నుంచి 300 మంది పిల్లలకు ఒక కౌన్సెలర్ ఉండాలని సిఫారసులు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది వేరొకటి: పన్నెండో తరగతిలో దేశ సమస్యల మీద చర్చించే ఒక్క తరగతిలో మాత్రం అన్ని సామర్థ్యాల వారినీ, అన్ని బాటల వారినీ కలిపి కూర్చోబెట్టాలి. ఒకే కప్పు అన్న వాగ్దానం రోజుకు ఒక గంటకు కుదించుకుపోయిందని దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఈ నమూనా మనదాకా వచ్చింది కూడా. 1952లో భారత ప్రభుత్వం నియమించిన మాధ్యమిక విద్యా కమిషన్ అధ్యక్షుడు, కర్నూలులో పుట్టిన ఏ. లక్ష్మణస్వామి మొదలియార్, సభ్యుల్లో ఒకరు అట్లాంటా నుంచి వచ్చిన కెనెత్ రాస్ట్ విలియమ్స్. 1953లో వారిచ్చిన నివేదిక మానవీయ శాస్త్రాలు, విజ్ఞానం, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం అనే ఏడు శాఖలతో మల్టీపర్పస్ హైస్కూళ్లు పెట్టమంది. వాటికి టీచర్లను తయారు చేయడానికి 1960లలో మైసూరు సహా నాలుగుచోట్ల ప్రాంతీయ కళాశాలలు పెట్టారు, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం సాయపడింది. శాఖల పేర్లు వచ్చాయి గాని, అమెరికాలో వాటిని నిలబెట్టిన వేరు జీతాల పద్దు, లేతు మిషన్లు, పన్నెండు నెలల వ్యవసాయం మాస్టారు రాలేదు. మన ఊళ్లలో కొన్ని బడి బోర్డుల మీద ‘మల్టీపర్పస్’ అన్న మాట మిగిలింది.

అమెరికాలో 1963 డిసెంబరు 18న లిండన్ జాన్సన్ సంతకం చేసిన వృత్తివిద్యా చట్టం రెండు పనులు చేసింది. విషయాల వారీగా కాక ప్రజల అవసరాన్ని బట్టి సొమ్ము ఇవ్వడం ఒకటి. ఆఫీసు పనుల శిక్షణ దాంతో ఎట్టకేలకు ఖాతాలోకి వచ్చింది. రెండోది, నాలుగైదు హైస్కూళ్లకు కలిపి ఒక ప్రాంతీయ వృత్తివిద్యా కేంద్రం కట్టుకోవడానికి ఊతం. ఖర్చు రీత్యా ఇది తెలివైన ఏర్పాటే: ప్రతి బడిలో పాతబడ్డ లేతు బదులు ఒకేచోట కొత్త యంత్రాలు. కానీ సగం పూట బస్సెక్కి పక్క ఊరి కేంద్రానికి వెళ్లివచ్చే పిల్లవాడికి తన సొంత బడిలో మిగిలింది భోజనశాలా, ఫుట్‌బాల్ మైదానమూ మాత్రమే.

బాటల విభజన కోర్టుకూ వీధికీ కూడా ఈ దశాబ్దంలోనే చేరింది. జాతివారీ బళ్లు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు చెప్పిన రెండేళ్లకే రాజధాని నగర విద్యాధికారి కార్ల్ హాన్సెన్ హైస్కూళ్లలో నాలుగు ట్రాకులు, అంటే వేర్వేరు చదువు బాటలు, పెట్టారు. దానిమీద పౌరహక్కుల ఉద్యమకారుడు జూలియస్ హాబ్సన్ వేసిన దావాలో, తెల్లజాతి మధ్యతరగతి పిల్లలను ప్రమాణంగా తీసుకున్న పరీక్షలతో నల్లజాతి పేద పిల్లలను కింది ట్రాకుల్లో బంధిస్తున్నారని 1967లో న్యాయమూర్తి స్కెల్లీ రైట్ ఆ పద్ధతిని కొట్టివేశారు. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలిస్‌లో గార్‌ఫీల్డ్, రూజ్‌వెల్ట్, లింకన్ తదితర హైస్కూళ్ల నుంచి వేలాది మెక్సికన్-అమెరికన్ విద్యార్థులు తరగతులు వదిలి బయటికి నడిచారు. టీచర్ సాల్ కాస్ట్రో వారి వెంట నిలిచారు. తమను కాలేజీ వైపు కాక షాపు వైపు, గృహవిజ్ఞానం వైపు తోస్తున్నారన్నది వారి ఫిర్యాదుల్లో ముఖ్యమైనది. షాప్ మీద వారికి ద్వేషం లేదు. తమకు దాన్ని ఎంచినది ఎవరన్నదే పేచీ.

1983లో దేశం చదువులో వెనకబడిందని హెచ్చరించిన జాతీయ నివేదిక తర్వాత రాష్ట్రాలు పట్టాకు కావలసిన గణితం, విజ్ఞానశాస్త్రాల యూనిట్లు పెంచాయి. ఏడు పీరియడ్ల రోజులో ఆ మేరకు జాగా పోయింది షాపుకే. స్మిత్-హ్యూజ్ చట్టాన్ని 1997లో పూర్తిగా రద్దు చేశారు. దాని స్థానంలో ఎదిగిన పెర్కిన్స్ చట్టం పేరులోంచి 2006లో ‘వొకేషనల్’ అన్న మాట తీసేసి, ‘కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్’ అని పెట్టారు.

ఇప్పుడు వెల్డర్లూ ఎలక్ట్రీషియన్లూ దొరకడం లేదని మళ్లీ షాపుల మాట వినిపిస్తున్నప్పుడు, రాష్ట్రాల విద్యాబోర్డుల ముందున్న తగువు యంత్రాల ధర మీద కంటే ఎక్కువగా యూనిట్ల మీద నడుస్తోంది: ఇంటి కప్పు వాసాల కోణాలు కొలుస్తూ నేర్చిన జ్యామితిని జ్యామితి యూనిట్‌గా లెక్కపెట్టవచ్చా, పెడితే దానికి గణితం టీచరు సంతకం కావాలా, వడ్రంగం మాస్టారు సంతకం చాలా? కొన్ని రాష్ట్రాలు ఇద్దరినీ ఒకే తరగతిలో నిలబెట్టి రెండు సంతకాలూ తీసుకుంటున్నాయి.